మూడు వందలకు ఏడు రూపాయలు తక్కువ

రూపాయి విలువ పడిపోతోందని దిగులుపడేవాళ్లకు దేశభక్తి ఉంటే ఉండవచ్చు. కువైట్‌లో పెళ్లాం మాత్రం లేదు. ఉంటే అలా మాట్లాడరు.

రోజూ సాయంత్రం టీవీల్లో టై కట్టుకున్న పెద్దమనుషులు కూర్చుని, పరామర్శకు వచ్చినవాళ్లలా ముఖాలు పెట్టి, రూపాయి పతనం, రూపాయి పతనం అంటుంటారు. ఎవరికి పతనం? వాళ్లలో ఒక్కరినైనా బస్సెక్కించి నల్లమాడలో వీరభద్రయ్య బట్టల షాపు ముందు దించితే, అర్థశాస్త్రం మళ్లీ అ ఆల నుంచి నేర్చుకుని పోతారు.

వీరభద్రయ్య షాపులో చీరలు, పంచెలు అమ్ముతాడు. అదే కౌంటర్లో ఫోన్లకు రీచార్జి చేస్తాడు, విదేశాల నుంచి వచ్చే డబ్బు ఇప్పిస్తాడు. షాపు ముందు ఒక నల్లబోర్డు ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి ఆయన సుద్దముక్క పట్టుకుని బయటికి వచ్చి, ఆ రోజు కువైట్ దినారుకు ఎన్ని రూపాయలో బోర్డు మీద రాస్తాడు. ఆ వేళకు ఏడెనిమిది మంది మగవాళ్లు బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. ఊళ్లో వీళ్లను కువైట్ మొగుళ్లు అంటారు. అంకె పెరిగితే ఒకరికొకరు టీ ఇప్పించుకుంటారు. తగ్గితే ఎవరి టీ వాళ్లు తాగుతారు.

వీళ్లలో ఇమ్మానుయేల్ సీనియరు. అతనికి నాలుగెకరాల మెట్ట ఉంది. వానొస్తే అందులో చెనక్కాయ వేస్తాడు, రాకపోతే కూలికి పోతాడు. భార్య సువార్త తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. వంట, బట్టలు, నలుగురు పిల్లలు, మూడు అంతస్తుల మెట్లు. జీతం నెలకు వంద దినార్లు. ఆమె పోయేటప్పటికి ఎనిమిదేళ్లున్న కూతురు కృపాకుమారి ఇప్పుడు కదిరిలో ఇంటర్ చదువుతోంది.

రూపాయి పతనం వల్ల మనిషికి జ్ఞానం వస్తుందనడానికి ఇమ్మానుయేల్ కన్నా సాక్ష్యం ఏం కావాలి? ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు. అయినా అమెరికాలో వడ్డీరేటు పెంచితే మన రూపాయికి ఏమవుతుందో చేలో ఎద్దుల్ని నిలబెట్టి చెప్పేస్తాడు. పెట్రోలు పుట్టే దేశాల్లో ఎవరైనా ఎవరి మీదనైనా బాంబు వేస్తే, అయ్యో అనుకోవడానికి ముందు ఫోన్ తీసి దినారు చూస్తాడు. ఇంత ప్రపంచజ్ఞానం వ్యవసాయం మీద వస్తుందా?

ఇంకో లాభం కూడా ఉంది. అతనికి క్యాలెండరు అక్కర్లేదు. సువార్త విమానం ఎక్కింది 222లో. కృప పెద్దమనిషి అయింది 230లో. ఇమ్మానుయేల్ తల్లి చనిపోయింది 265లో, పెద్దకర్మ నాటికి 266. ఏ సంవత్సరమో అడిగితే తడుముకుంటాడు గానీ, రేటు అడిగితే పైసలతో సహా చెబుతాడు.

ఇంత భాగ్యం మనకు ఒక్కరోజులో పట్టలేదు. దీని వెనక డెబ్బై ఏళ్ల కృషి ఉంది. ఆ చరిత్ర వీరభద్రయ్య నోట వినాలి. షాపులో బేరాలు లేని మధ్యాహ్నాల్లో, అంటే దాదాపు అన్ని మధ్యాహ్నాల్లో, ఆయన చెబుతుంటాడు.

"ఒకప్పుడు కువైట్‌లో చెల్లింది మన రూపాయేనప్పా. ఆడ ఖర్జూరం కొనాలన్నా మన రూపాయే, ఒంటెను కొనాలన్నా మన రూపాయే. వాళ్లకంటూ ఒక నోటు ల్యాకుండె."

మొదటిసారి ఈ మాట విన్నప్పుడు ఇమ్మానుయేల్‌కు చెమటలు పట్టాయి. రూపాయికి రూపాయేనా! ఆ రోజుల్లో ఎవడైనా పెళ్లాన్ని కువైట్ పంపి ఉంటే వాడి గతేమిటి? తాతముత్తాతలు ఊరు దాటకుండా కూర్చుని ఎంత తెలివైన పని చేశారో అతనికి అప్పుడు అర్థమైంది.

మనల్ని ఆ దుస్థితి నుంచి బయటపడేసింది దొంగబంగారం వ్యాపారులు. వాళ్లు గల్ఫ్‌లో మన రూపాయలు పోసి బంగారం కొని, పడవల్లో బొంబాయికి చేర్చేవాళ్లు. గల్ఫ్‌లో పోగైన రూపాయలు తిరిగి మన రిజర్వు బ్యాంకు గడప తొక్కి, మాకు బదులుగా పౌండ్లు ఇవ్వండి అని అడిగేవి. బ్యాంకుకు విసుగెత్తి 1959లో గల్ఫ్ కోసం వేరే రంగు రూపాయి నోట్లు అచ్చు వేసింది. రెండేళ్లకు కువైట్ కూడా ఈ తలనొప్పి మాకెందుకని సొంతంగా దినారు తెచ్చుకుంది. ఆనాటి రేటు, దినారుకు పదమూడు రూపాయల ముప్పై మూడు పైసలు.

ఆ తర్వాత మనవాళ్లు ఊరుకోలేదు. 1966 జూన్‌లో ఒక్క దెబ్బకు రూపాయి విలువ తగ్గించారు, దినారు 21కి చేరింది. 1991 జూలైలో మూడు రోజుల్లో రెండుసార్లు తగ్గించారు, ఇంకో రెండేళ్లకల్లా దినారు వంద దాటింది. ఇప్పుడు 293. అరవై ఏళ్ల కిందటి పదమూడుకు ఇది ఇరవై రెండు రెట్లు. అనంతపురం మెట్టల్లో ఇరవై రెండు రెట్లు పెరిగింది ఇంకేదైనా ఉంటే చూపించండి. వానలా? చెనక్కాయ దిగుబడా? బడికి వచ్చే అయ్యవార్లా?

మధ్యలో ఒకే ఒక్క అపశ్రుతి. 1990లో పక్కదేశం సైన్యం కువైట్‌లో జొరబడి, మీ దినారు చెల్లదు పొమ్మంది. అప్పుడు అక్కడ లారీ నడిపే కొండప్ప, చెప్పుల అట్టల్లో నలభై దినార్లు దాచుకుని ఊరు చేరాడు. ఏ బ్యాంకూ తీసుకోలేదు. యుద్ధం అయిపోయాక కువైట్ కొత్త నోట్లు వేసి, పాతవి మార్చుకోవడానికి గడువు పెట్టింది. ఆ సంగతి కొండప్పకు గడువు దాటిన తర్వాత తెలిసింది. "దినారు గూడా సస్తాదప్పా, నేను కండ్లారా చూసినా" అని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు. అందుకే కువైట్ మొగుళ్లు ఆయన్ని బోర్డు దగ్గరకు రానివ్వరు.

ఇక భక్తి విషయానికి వద్దాం. రూపాయి పతనం మనిషిని దేవుడికి దగ్గర చేస్తుంది. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ, ఒకరు జ్వరం తగ్గిందని చెబుతారు, ఇంకొకరు తప్పిపోయిన గేదె దొరికిందని చెబుతారు. ఇమ్మానుయేల్ లేచి, ప్రభువు కృపవలన దినారు 290 దాటిందని చెప్పి, యాభై రూపాయలు కానుక వేసి కూర్చుంటాడు. ఆమెన్ అనాలో వద్దో పాస్టరు శశికుమార్‌కు ఏ వారమూ తేలదు. ఎందుకంటే ఆ వెంటనే ఆయన దేశ ఆర్థిక పరిస్థితి మెరుగుపడాలని ప్రార్థన చేయించాలి. ఆ ప్రార్థన జరిగేంతసేపూ ఇమ్మానుయేల్ కళ్లు మూసుకుంటాడు గానీ పెదవులు కదపడు.

నిజానికి సువార్త పోయింది రెండేళ్లకు. దినారు 240 అయితే వచ్చేయమని చెప్పి ఇమ్మానుయేలే బెంగళూరు విమానాశ్రయం దాకా పోయి సాగనంపి వచ్చాడు. 240 అయింది. సువార్త సామానంతా సర్దుకుని వచ్చేసింది. నలభై రోజులు ఇంట్లో ఉంది. కూతురికి జడలు వేసింది, ఇల్లు అలికింది. నలభై ఒకటో రోజు ఇమ్మానుయేల్ ఆమెకు ఒక న్యాయమైన సంగతి వివరించాడు. రేటు ఇప్పుడే కదా లేస్తోంది, లేస్తున్నప్పుడు ఎవరైనా పని వదిలేస్తారా?

ఆమె తిరిగి వెళ్లింది. మరుసటి ఏడు రేటు 227కు దిగింది. సరే, ఇప్పుడైనా రానా అని ఆమె అడిగింది. తగ్గినప్పుడు వస్తే నష్టం కదా అన్నాడు.

ఈ సూత్రంలో తప్పు పట్టగలిగినవాడు ఎవరైనా ఉన్నారా? పెరుగుతుంటే రాకూడదు, ఎందుకంటే పెరుగుతోంది. తగ్గితే రాకూడదు, ఎందుకంటే తగ్గింది. 260 అన్నాడు, అయింది. ఇంకో నలభై రోజుల సెలవు గడిచింది. 280 అన్నాడు, అదీ అయింది. ఇప్పుడు 300 అంటున్నాడు. గుండు సున్నాలు రెండు ఉన్న అంకె కాబట్టి దాని తర్వాత ఇంకేమీ అడగనని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పాడు.

మరి ఆ దినార్లతో అతను ఏం చేస్తున్నాడు? తాగుతున్నాడా, పేకాడుతున్నాడా? అలాంటి మనిషి కాదు. బోర్లు వేయిస్తున్నాడు. మొదటిది సువార్త పోయిన ఏడాదే, రేటు 213కు దిగినప్పుడు వేయించాడు. నాలుగు వందల యాభై అడుగులు పోతే తెల్లటి దుమ్ము వచ్చింది. రెండోది 242లో, ఆరు వందల యాభై అడుగులు, ఎర్రటి దుమ్ము. మూడోది 266లో, తొమ్మిది వందల అడుగుల దగ్గర కొంచెం చెమ్మ తగిలింది. ఊరంతా వచ్చి ఆ బురదను వేళ్లతో ముట్టుకుని చూసి వెళ్లారు. నాలుగోది 300లో వేయించాలి. ఈసారి నీళ్లు పడితే నాలుగెకరాల్లో మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపుకుంటూ ముగ్గురూ ఇక్కడే ఉండొచ్చని అతని ఆశ. సువార్తను ఇంటికి రప్పించుకోవడానికే అతను సువార్తను పంపుతున్నాడు.

ఈ రేటు మహిమ కువైట్‌లోనూ తక్కువేమీ కాదు. ఒకసారి సువార్త ధైర్యం చేసి జీతం పెంచమని యజమానిని అడిగింది. ఆమె ఆయన్ని బాబా అంటుంది, ఆయన భార్యను మామ అంటుంది, అక్కడ అందరూ అలాగే అంటారు. ఆయన చాలా మర్యాదస్తుడు. కసురుకోలేదు. ఫోన్ తీసి రూపాయి రేటు చూపించి, నీ దేశం నీ జీతం పెంచింది కదమ్మా, మళ్లీ నేను కూడా పెంచాలా అన్నాడు. ఆ వారం ఫోన్లో ఆమె ఈ సంగతి చెబితే ఇమ్మానుయేల్ ఆలోచించి, "ఆయప్ప చెప్పేదాంట్లో న్యాయముండాదిలే" అన్నాడు. ఎంత దూరాన ఉన్నా నిజాయితీపరుల ఆలోచన ఒకేలా ఉంటుంది.

మొన్న బుధవారం సువార్త మళ్లీ ఫోన్ చేసింది.

"కృపోళ్ల నాయనా, నా అకామా అయిపోతాండాది," అంది. అకామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం. "రెండేండ్లకు మళ్లీ కడతామంటాండారు. ఉంటావా పోతావా, శుక్రారం సాయంత్రానికి చెప్పమనింది మామ."

"మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయి?"

"మెట్లు దిగేటప్పుడు ఎనక్కి తిరిగి దిగుతాండా. ముందుకు దిగితే పట్టుకుంటాండాయి."

ఇమ్మానుయేల్‌కు జాలేసింది. నిజంగానే వేసింది. ఏదైనా మంచి మాట చెప్పాలనిపించి, తనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా మంచి మాట చెప్పాడు.

"293 ఉండాది సువార్తా. ఇంక ఏడు రూపాయలే."

ఆమె సరేలే అంది. తొమ్మిదేళ్లుగా అంటున్న సరేలే అది.

గురువారం బోరు లారీ ఏజెంటు జయరాం చేను దగ్గరికి వచ్చాడు. నాలుగో బోరుకు జాగా చూసి, అడుగుకు నూటపది రూపాయలు అన్నాడు.

"నూటపదా? మొదటి బోరుకు డెబ్బై అయిదే కదన్నా తీసుకున్నావు?" అన్నాడు ఇమ్మానుయేల్.

"అప్పుడు డీజిలెంత, ఇప్పుడెంత? అది మన చేన్లల్లో పండుతాదా అన్నా? చమురు బయటి దేశం నుంచి రావాల. రూపాయి దిగితే డీజిల్ లేస్తాది, డీజిల్ లేస్తే అడుగు లేస్తాది. లోపల వేసే పైపులూ అంతే. నువ్వు బోర్డు చూసి టీ తాగినప్పుడంతా నేను రేటు మార్చుకుంటా ఉండా."

కాలేజీ సెలవులకు ఇంటికొచ్చి పక్కనే నిలబడ్డ కృప ఫోన్లో ఏదో లెక్క వేసింది. ఇంటర్‌లో ఆమె తీసుకున్నది కామర్సు. ఆ లెక్క ఎవరూ అడగలేదు.

"నాయనా, అమ్మ పోయినప్పుడు ఆమె నెల జీతంతో 296 అడుగుల బోరు పడేది."

"ఊ."

"ఇప్పుడు 266 అడుగులే పడతాది."

ఇమ్మానుయేల్ ఫోన్ లాక్కుని మళ్లీ వేశాడు. వంద దినార్లను 222తో హెచ్చించి డెబ్బై అయిదుతో భాగించాడు. వంద దినార్లను 293తో హెచ్చించి నూటపదితో భాగించాడు. మూడుసార్లు చేసినా ముప్పై అడుగులు తక్కువే వచ్చింది. 300 పెట్టి చూశాడు. రెండు గుండు సున్నాలు పెట్టినా 272 దాటలేదు.

జయరాం లారీ ఎప్పుడు పంపమంటావని అడిగాడు. ఇమ్మానుయేల్ పోయి మూడో బోరు పక్కన, ఆ ఎండిన బురద మీద కూర్చున్నాడు. తొమ్మిదేళ్లుగా ప్రతిరోజూ పొద్దున లేచి దేన్ని చూసి సంతోషపడ్డాడో అతనికి అర్థమైంది. ఆమె జీతం ఒక్క దినారు పెరగలేదు. ఆమె మెట్లు ఎక్కుతూనే ఉంది, ఆమె కష్టం ఇక్కడికి వచ్చేసరికి ఏటేటా చిన్నదవుతూనే ఉంది, తను ఇక్కడ టీ ఇప్పిస్తూ ఉన్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పాఠకులు ఇక్కడ తొందరపడి రూపాయి పతనాన్ని నిందించకూడదు. ఇదంతా ఒక ఆడపిల్ల ఎవరూ అడగని లెక్క వేయడం వల్ల వచ్చిన అనర్థం. ఆడపిల్లలకు కామర్సు చెప్పించేముందు తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం, కువైట్‌లో ఆ ఇంటివాళ్లు భోంచేసి పడుకునే వేళ చూసి ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఆమె చేయడమే గానీ, అతను చేయడం అరుదు.

"మామకు చెప్పేసినావా?"

"ఇంగా లేదు. సాయంత్రం అడుగుతాది. ఉంటాననే చెప్తాలే."

"వచ్చేయ్."

సిగ్నల్ పోయిందేమోనని అతను ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి చూసుకున్నాడు.

"ఏమైంది?" సువార్త గొంతులో భయం వినిపించింది. "దినారు పడిపోయిందా?"

"లేదు. పొద్దున పది పైసలు లేచింది గూడా."

"పాపకు బాగుండాది కదా?"

"బాగుండాది. ఈడనే ఉండాది."

"నీకేమన్నా ఒళ్లు బాగలేదా?"

"నాకేమైతాది."

"మరి దేనికి రమ్మంటాండావు?"

ఇమ్మానుయేల్ నోరు తెరిచాడు. 296, 266 రెండూ నాలుక మీదే ఉన్నాయి. చెబితే ఆమె ఒప్పుకుంటుంది, లెక్క ఆమెకూ తెలుసు. కానీ తొమ్మిదేళ్లలో మొదటిసారి అతనికి ఆమెతో అంకె మాట్లాడాలనిపించలేదు. వేరే మాట కోసం వెతుక్కున్నాడు. తను వండుకున్న సంగటి, పొయ్యి పక్కన బోర్లించి పెట్టిన ఆమె కంచం, అమ్మ ఎప్పుడొస్తుందని అడిగి అడిగి ఒక వయసులో అడగడం మానేసిన కూతురు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది.

"ఊరికే," అన్నాడు. "ఊరికే రా మే."

సువార్త ముక్కు చీదుకుని, టిక్కెట్టు రేపే చూస్తానని చెప్పి పెట్టేసింది. సాయంత్రం ఇక ఉండనని మామకు చెప్పేసింది.

ఇందులో దేశానికి జరిగిన నష్టాన్ని దాచిపెట్టడం భావ్యం కాదు. నెలకు వంద దినార్లు, తొమ్మిదేళ్లుగా, సెలవు రోజులు తప్పిస్తే ఒక్క నెల తప్పకుండా వచ్చిన విదేశీ మారకద్రవ్యం, ఇక రాదు. టీవీల్లో టై కట్టుకున్న పెద్దమనుషులు చెప్పేదాని ప్రకారం, ఇలాంటి దినార్లు వస్తున్నందువల్లే రూపాయి ఈమాత్రమైనా నిలబడి ఉంది. అది అలాగే నిలబడాలి. కాబట్టి దేశం ఆ వంద దినార్లను ఇంకో ఇంటి ఇల్లాలిని పంపి తెచ్చుకోవాలి.